లైమన్ ఓటు

ముందు ఇంకా పదకొండు మంది. రూఫస్ హోల్కమ్ టోపీలు లెక్కపెట్టాడు, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు, పదకొండే, కాని రెండోసారి లెక్కపెడుతుండగా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు మెడ మీద చల్లగా తగిలింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. బడి వాకిలి దాకా పరుచుకున్న ఎండుగడ్డి, గాలికి ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేవడం మానేసిన గడ్డి, దానవతల కంచెకి కట్టేసిన బళ్లు, ఆపైన ఎటు చూసినా ఆకాశమే. నెబ్రాస్కాలో నవంబరు గాలికి పెద్దా చిన్నా లేదు, అందరి చొక్కాల్లోనూ ఒకేలా దూరుతుంది, ఈ రాష్ట్రంలో మనందరినీ సమానంగా చూసేది అదొక్కటేనని అతని భార్య ఆర్ఫా పార్టీ సభల్లో అంటుంది, జనం నవ్వుతారు. బళ్లలో తన బండి ఏదో వెతుక్కోనక్కర్లేదు. దాని ముందు గుంజకి ఆర్ఫా పొద్దున్నే దేవదారు కొమ్మ కట్టింది. ప్రజాపార్టీ వాళ్ల బళ్లన్నిటికీ ఈ పచ్చకొమ్మే గుర్తు, పాత పార్టీలు చచ్చినవాళ్ల పేరు చెప్పి ఓట్లడుగుతాయి, మేము బతికున్నవాళ్ల గోడు చెప్పి అడుగుతామని దానర్థం. ఆ కొమ్మ కింద రెండు శాలువాలు చుట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆర్ఫా కూర్చుంది, ఆడవాళ్లకి ఓటు లేదు. బడి వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతోందో ఇంత దూరం నుంచి కూడా అతనికి తెలుస్తోంది.

చెయ్యి దానంతటదే కోటు లోపలి జేబులోకి వెళ్లింది. ఖాళీ. ఎందుకుంటుంది? పాత రోజుల్లో అయితే ఈపాటికి అక్కడ చీటీ ఉండేది. అప్పట్లో ఓటంటే పార్టీ అచ్చేసి ఇచ్చే రంగు చీటీ, వాకిట్లోనే పార్టీ మనిషి నిలబడి పంచేవాడు, ఎవడి చేతిలో ఏ రంగుందో ఊరంతా చూసేది. రూఫస్ ఎప్పుడూ రెండు తీసుకునేవాడు. ఒకటి తనది, అది పెట్టెలోకి. రెండోది మడిచి గుండె పక్కన పెట్టుకుని ఇంటికి తెచ్చి, మంచం కింద ఉన్న తోలు తూటాల పెట్టెలో దాచేవాడు, అది తమ్ముడు లైమన్ వంతు. లైమన్ పోయేనాటికి పంతొమ్మిదేళ్లు, ఓటు రాని వయసు. ముప్పై ఏళ్ల కిందట అంతర్యుద్ధంలో, షైలో దగ్గర, నిండా పూసిన పీచుపళ్ల తోటలో, రూఫస్ ఒళ్లో తల పెట్టుకుని, అన్నా, బతికుంటే నేను లింకన్ పార్టీకే వేసేవాణ్ణి, నా ఓటు కూడా నువ్వే వెయ్యి అని చెప్పి కన్నుమూశాడు. ఈ సంగతి వాళ్లమ్మకి తెలుసు, ఊరికి తెలుసు, పాత సైనికుల సంఘానికి తెలుసు, ఏటా సమాధుల మీద పూలు పెట్టే రోజున పాస్టరుగారు చెబుతుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఎవరి పక్షాన తుపాకీ పేల్చామో వాళ్లకే ఓటు, అదీ పాత సైనికుల మాట. ఇరవై ఎనిమిదేళ్లుగా రూఫస్ అటే వేశాడు, వేసి రెండో చీటీ తమ్ముడికి పెట్టాడు. తూటాల పెట్టె నిండిపోయి మూత పడటం మానేసింది. గాలి ఊపిరి బిగబట్టిన మధ్యాహ్నాల్లో కూడా ఆ చీటీలు లోపల గరగరమనేవి. ఎలకలేమోనని ఆర్ఫా పిల్లిని తెచ్చింది. పిల్లి ఇల్లంతా తిరిగేది, ఆ మంచం కిందకి మాత్రం వెళ్లేది కాదు.

ఇప్పుడు చట్టం మారింది. చీటీల్లేవు, రంగుల్లేవు. అన్ని పార్టీల పేర్లూ ఒకే కాగితం మీద ప్రభుత్వమే అచ్చేసి ఇస్తుంది, తెర వెనక్కి వెళ్లి ఒంటరిగా గుర్తు పెట్టాలి, ఎవడూ చూడటానికి వీల్లేదు. రైలు కంపెనీ మనుషులు వాకిట్లో నిలబడి కూలీల చేతుల్లో చీటీ రంగు రాసుకోవడం మానాలంటే ఇదే దారి అని ఊరూరా అర్జీలు పెడితే వచ్చిన చట్టం, ఆ అర్జీ మీద రూఫస్ కూడా సంతకం పెట్టాడు. పెట్టినప్పుడు తమ్ముడి సంగతి తట్టలేదు. మనిషికి ఒకటే కాగితం, గది దాటి బయటికి తీసుకుపోకూడదు. అంటే లైమన్‌కి చీటీ లేదు. తన చేతులతో తనే తమ్ముడి ఓటు తీసేశాడు, ఇది నిన్న సాయంత్రం గుర్రాలకి మేత వేస్తుంటే తట్టింది, మేత గంప చేతిలోంచి జారింది, అప్పటి నుంచీ ఈ మెడ మీద చలి.

ఒక మనిషి లోపలికి వెళ్లాడు. పది. వరస కదిలినప్పుడల్లా పాదాలు తెలియకుండానే ఎడమ, కుడి, ఎడమ అని పడుతున్నాయి, ముప్పై ఏళ్లయినా కవాతు కాళ్లలోంచి పోదు. పొద్దున ఆర్ఫా మొక్కజొన్న జావ పోసి ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతు బొంగురుపోయింది, ఈ వేసవంతా నలభై బడుల్లో నిలబడి మాట్లాడిన గొంతు. చలికాలం మొత్తం పొయ్యిలో మొక్కజొన్న పోసి కాల్చుకున్నామమ్మా, బొగ్గు కొనడం కంటే పండించిన గింజ కాల్చుకోవడమే చవక చేశారు రైలువాళ్లు, మన ఇంట్లో తిండి తగలబడుతుంటే షికాగోలో పిల్లలు దాని కోసం ఏడుస్తున్నారని ఆమె చెబుతుంటే, మొగవాళ్లు టోపీలు నలుపుకుంటూ నేల చూసేవాళ్లు. ఆ కాల్చింది రూఫస్ చేతులే. గింజలు మండేటప్పుడు వేపిన వాసన వస్తుంది, మంచి వాసన, నోరూరే వాసన, దానికి సిగ్గేసేది. ఆ చలికాలం నుంచే అతని మనసు పాత లింకన్ పార్టీ నుంచి విరిగింది, విరిగిందని ఎవరితోనూ అనలేదు, ముఖ్యంగా మంచం కింద ఉన్నవాడితో. పోయినసారి ఈ ప్రాంతంలో కొత్త పార్టీ వాళ్లు నాలుగు ఓట్లతో ఓడారు. నాలుగంటే నాలుగు. ఈసారి గెలిస్తే రైలు సరుకు కిరాయిల మీద చట్టం తెస్తామన్నారు.

"ఒక్క మాటడగనా?" అంది ఆర్ఫా జావ దగ్గర.

"అడుగు."

"చచ్చినవాడి ఓటు ఇరవై ఎనిమిదేళ్లు మోశావు. బతికున్నదాని ఓటు ఒక్కసారి మొయ్యలేవా?"

"అది నా ఓటే."

"నీదెప్పుడయ్యా? చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆ చారెడు కళ్లకి జడిసి నీ కళ్లతో నువ్వు ఏనాడు చూశావు గనక?"

అతను జావ తాగేశాడు. ఆమె లేచి కొమ్మ కోయడానికి వెళ్లింది. నాలుగు కోసుల దూరం బండిలో పక్కపక్కన కూర్చున్నారు, ఇద్దరి మధ్యా మనిషి పట్టేంత చోటు ఉంది, ఎందుకు వదిలారో ఇద్దరికీ తెలియదు. దార్లో ఒకసారి బండి గుంటలో పడి ఎగిరినప్పుడు ఆమె ఆ ఖాళీ చోటు మీద చెయ్యి ఆనించబోయి, ఏదో తగిలినట్టు తీసేసుకుంది. తీసేసుకుని శాలువాలో దాచుకుంది. చలేస్తోందా అన్నాడు. ఆఁ అంది.

"పెద్దాయనా, మీ తర్వాత నేనేనా?"

కుబిచెక్, పక్క పొలం వాడు, బొహీమియా నుంచి వచ్చి పదేళ్లయింది, అమెరికా పౌరుడై ఓటు రావడం ఇదే మొదటిసారి, అందుకే ఆదివారం కోటు వేసుకొచ్చాడు. వచ్చి వరసలో రూఫస్ వెనక రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నువ్వే. దగ్గరికి రా, గాలి కొడుతుంది."

"మీ వెనక ఇంకెవరో ఉన్నట్టున్నారు? చోటు వదిలారుగా."

"ఎవరూ లేరు."

"అయితే సరే." కుబిచెక్ నవ్వాడు, కాని ముందుకి జరగలేదు. "అలవాటయ్యా, మా ఊళ్లో వరసలో చోటుంటే ఎవరిదో అనుకుంటాం."

తన వంతు వచ్చి లోపలికి అడుగు పెట్టేసరికి వేపిన వాసన ముఖాన కొట్టింది. బడి పొయ్యిలో కూడా మొక్కజొన్న కంకులే మండుతున్నాయి. పిల్లల బల్లలు గోడకి చేర్చారు. ఓట్ల పెట్టె వెనక కూర్చున్నది మెరిట్ ఫ్లాగ్, దుకాణం నడిపే ఫ్లాగ్, ఈ రోజుకి ఎన్నికల అధికారి, పాత పార్టీ మనిషి, షైలోలో వేరే దళంలో ఉన్నవాడు. చట్టం కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని బైబిలు చదివినట్టు చదువుతున్నాడు. "ఒక్కరికి ఒకటే కాగితం. ఒకటే గుర్తు. రెండు గుర్తులు పెట్టినా, పేరు రాసినా చెల్లదు. పాడైతే వెనక్కిచ్చి ఇంకోటి తీసుకోవచ్చు, అదీ మూడు కాగితాల దాకానే. తెర వెనక పది నిమిషాలు. అక్కడ నిద్దరోవద్దు." మూలన తాడు మీద తెర వేలాడుతోంది. చూడగానే గుర్తుపట్టాడు, ఆర్ఫా కుట్టిన తెర. వాళ్ల పాత దుప్పటి, నీలం గళ్లది, అంచు మడిచి దగ్గర దగ్గర కుట్లు వేసింది. చట్టం వచ్చాక తెరలు కావాలంటే ఊరి ఆడవాళ్లే కుట్టిచ్చారు. కుట్టినవాళ్లెవరికీ దాని వెనక్కి వెళ్లే హక్కు లేదు. రూఫస్ దాన్ని పక్కకి జరిపి లోపలికి వెళ్లి వదిలాడు, గది చప్పుళ్లన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి, బల్ల, దాని మీద దారానికి కట్టిన పెన్సిలు, కాగితం, తను.

తను ఒక్కడే అయితే ఇంత ఇరుకుగా ఎందుకుంది? మోచేయి ఎడమ పక్కకి జరగటం లేదు, గోడ ఉందా అంటే గోడ జానెడు దూరంలో ఉంది. కాగితం మీద పాత చీటీల మీదుండే గద్ద బొమ్మ లేదు, లింకన్ గడ్డం లేదు, వట్టి అక్షరాలు, ప్రతి పార్టీ పేరు ఎదుటా చిన్న గడి. పాత పార్టీ. దాని కింద ప్రజాపార్టీ. ఎవరూ చూడరు, అదీ ఈ చట్టం ఇచ్చిన వరం, పాత పార్టీకి వేసి బయటికెళ్లి నీకే వేశానని ఆర్ఫాకి చెప్పొచ్చు, కొత్త పార్టీకి వేసి పాత సైనికుల సంఘంలో ఛాతీ విరుచుకుని కూర్చోవచ్చు, ఎవరికీ తెలియదు, మనిషి ఇంత సులువుగా అబద్ధమాడే చోటు లోకంలో ఇంకెక్కడా లేదు, కాని అబద్ధానికి తెరెందుకు, తను తెర లేకుండానే ఆడలేదా, ఎప్పుడు, ఏం ఆడాడు, ఏం లేదు. పెన్సిలు తీసుకుని ప్రజాపార్టీ గడిలో గుర్తు పెట్టాడు, చిన్నది, నిటారుది. పెట్టాడో లేదో తోట కళ్ల ముందుకొచ్చింది, ఏప్రిల్, పీచుపూలు గులాబి రంగు, తూటాలు కొమ్మల్ని కోస్తుంటే రేకులు మంచులా రాలుతున్నాయి, లైమన్ కడుపు పట్టుకుని కూర్చున్నాడు, కూర్చున్నవాడు ఒరిగాడు, వాడి జుట్టు నిండా పూలు, పెళ్లికొడుకులా ఉన్నావురా అనబోయాడు తను, అనలేదు, వాడి పెదాలు కదులుతున్నాయి, ఆ పెదాల చప్పుడు ఎండిన కంకి డొప్పలు రాసుకున్నట్టు, ఇప్పుడు ఇక్కడ, ఎడమ చెవి పక్కన, అదే చప్పుడు. రూఫస్ కళ్లు తెరిచాడు. మూసుకున్నట్టు తెలియదు. కాగితం మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి తనది. రెండోది పాత పార్టీ గడిలో, పెద్దది, ఎడమకి వాలి ఉంది. పెన్సిలు తన ఎడమ చేతిలో ఉంది. రూఫస్ కుడిచేతి వాటం వాడు. ఎడమచేతి వాటం లైమన్‌ది, బళ్లో పంతులు వేళ్ల మీద ఎంత కొట్టినా వాడు మానలేదు.

"ఏమోయ్, పెళ్లాం చెప్పిన పాఠం మరిచిపోయావా?" అతను మడిచి వెనక్కిచ్చిన కాగితాన్ని ఫ్లాగ్ విప్పి చూడకుండానే దాని మీద చెల్లదని రాశాడు, అదొక్కటి మెచ్చుకోవాలి, చట్టాన్ని మాత్రం తూచా తప్పడు. గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రెండో కాగితం.

ఈసారి ఎడమ చేతిని కోటు జేబులో దూర్చి పిడికిలి బిగించాడు. ఖాళీ జేబు, చీటీ ఉండాల్సిన జేబు. గుర్తు పెట్టేదాకా కళ్లు కాగితం మీంచి తిప్పకూడదనుకున్నాడు, తిప్పలేదు, కాని కళ్లు ఒకచోట ఉంటే మనసు అక్కడే ఉంటుందా, అది తల్లి వంటింట్లోకి వెళ్లింది, ఇలినాయిలో, యుద్ధం నుంచి సెలవు మీద వచ్చిన తను బల్ల దగ్గర కూర్చున్నాడు, తల్లి చేతిలో రొట్టెల పిండి అలాగే ఉంది, ఆఖర్న ఏమన్నాడురా వాడు అని అడిగింది. ఆఖర్న ఏమన్నాడు. తను కిటికీలోంచి బయటికి చూశాడు, గోడ మీద లింకన్ బొమ్మ ఉంది, తండ్రి అతికించినది, తన కళ్లు కిటికీ మీంచి బొమ్మ మీదకి జరిగాయి, నోరు తెరుచుకుంది, లింకన్ పార్టీకి నా ఓటు వెయ్యమన్నాడమ్మా అన్నాడు. తల్లి మొహం వెలిగింది. ఏడుస్తూనే వెలిగింది. అది చూశాక ఆ మాట నిజమైపోయింది, ఏటేటా చెప్పగా చెప్పగా ముదిరి గట్టిపడింది, తనే నమ్మాడు, నమ్మి ఇరవై ఎనిమిదేళ్లు వాడికి తిండి పెట్టినట్టు చీటీలు పెట్టాడు, అడగనివి. మరి అడిగిందేమిటి? ఎడమ పక్కన పెదాలు కదిలాయి. రూఫస్ కిందకి చూశాడు. రెండు గుర్తులు. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది, బయటికి తీసి చూసుకుంటే వేళ్ల కొనలకి పెన్సిలు నల్లదనం అంటి ఉంది. కేకెయ్యాలనిపించింది. తెర అవతల ఎవరో దగ్గారు, ఆ దగ్గు బతికున్న మనిషిదని ఎంత సంతోషమేసిందో.

"మూడోది," అన్నాడు ఫ్లాగ్. ఈసారి వేళాకోళం లేదు. "ఇదీ పాడు చేశావంటే ఇంటికి పోవడమే. ఒంట్లో బాగాలేదా రూఫస్? మొహం సున్నం కొట్టినట్టుంది. రెండు గుక్కలు నీళ్లు తాగు."

నీళ్లు.

తలుపు పక్కన పిల్లలు తాగే నీళ్ల బాల్చీ, దాని అంచుకి తగిలించిన పొడుగు పిడి రేకు ముంత. కిటికీలోంచి కొమ్మ కట్టిన బండి కనిపిస్తోంది, ఆర్ఫా ఇప్పుడు ఇటే చూస్తోంది, ఎందుకింత ఆలస్యమో అర్థంకాక మెడ చాచి చూస్తోంది, పెళ్లినాడు చర్చి గుమ్మంలో అలాగే చూసింది. తను ఎటూ కదలకుండా నిలబడ్డాడు. షైలోలో ఆ తోటకి నలభై అడుగుల దూరంలో చెరువుంది. చిన్న గుంట, దాని ఒడ్డున రెండు వైపుల సైనికులూ పొట్టల మీద పాకుతూ వెళ్లి తాగుతున్నారు, తాగి అక్కడే తలవాల్చి లేవడం లేదు. అన్నా, నీళ్లు, అన్నాడు లైమన్. అదే వాడన్నది. అంతే అన్నది. లింకన్ లేడు, పార్టీ లేదు, ఓటు లేదు. అన్నా, నీళ్లు. మళ్లీ అన్నాడు, మళ్లీ అన్నాడు, ఎన్నిసార్లన్నాడో. తన నడుముకి ఖాళీ సీసా వేలాడుతోంది. నలభై అడుగులు. తూటాలు గడ్డిని దువ్వుతున్నాయి. తెస్తానురా, ఇప్పుడే తెస్తా అన్నాడు తను, అని వాడి తల ఒళ్లోంచి దించి, చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకుని, కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి వాడు అడగడం మానేశాడు. ఇంతే జరిగింది. దీన్నే ముప్పై ఏళ్లు ఒక పార్టీ కింద పాతిపెట్టాడు.

కాగితం ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. వెళ్లి బాల్చీలో ముంత ముంచాడు, నిండుగా.

"అది లోపలికి ఎక్కడికోయ్?"

"నీళ్లు పట్టుకెళ్లకూడదని చట్టంలో ఉందా?"

ఫ్లాగ్ చట్టం కాగితం ఒకసారి పైనుంచి కిందకి చూశాడు. షైలోలో ఉన్నవాడు అతను కూడా, ఆ చెరువు చూసినవాడు, ఏమనుకున్నాడో ఏమో. "లేదు," అన్నాడు. "ఒలకబొయ్యకు."

ఒక్క చుక్క ఒలకలేదు. నలభై అడుగులైనా ఒలికేది కాదు. తెర వెనక బల్లకి ఎడమ పక్కన ముంత పెట్టాడు, పిడి అవతలికి తిప్పి పెట్టాడు, ఎడమచేతి వాటం వాడికి అందేట్టు. ముప్పై ఏళ్లు ఆలస్యమైందిరా, అన్నాడు. పెదాలు మాత్రమే కదిలాయి, చప్పుడు రాలేదు, తన పెదాలూ ఎండిపోయి ఉన్నాయి. నేను భయపడ్డానురా. నువ్వేమీ అనలేదు, అంతా నేనే అన్నాను. ఆ చీటీలు నీవి కావు. తాగు. ఇంత చెప్పి ఎడమ పక్కకి చూడకుండా పెన్సిలు కుడిచేత్తో పట్టుకుని, ప్రజాపార్టీ గడిలో గుర్తు పెట్టాడు. పెడుతుంటే ఇది తన ఓటనీ అనిపించలేదు, తమ్ముడిదనీ అనిపించలేదు, నలభై బడుల్లో బొంగురుపోయిన గొంతు ఒకటి పెన్సిలు కొనలోకి దిగినట్టనిపించింది. పక్కన చప్పుడైంది. మెల్లగా, ఆపకుండా, గుటక వెనక గుటక. రూఫస్ తల తిప్పలేదు. తిప్పితే చూడగలనో లేనో అనే భయం ఒకటి, ఈసారైనా మధ్యలో ఆపకూడదనే మర్యాద ఒకటి. కాగితం మడిచాడు. మడిచే ముందు చూసుకున్నాడు, ఒకటే గుర్తు. తెర జరుపుకుని బయటికొచ్చి పెట్టెలో వేశాడు, ఫ్లాగ్ అతని పేరు బిగ్గరగా చదివి ఓటు వేశాడని రాసుకున్నాడు, ఒకే పేరు చదివాడు.

బండి దాకా వచ్చి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. గాలి అలాగే ఉంది. మెడ మీద చలి లేదు, లేకపోవడమే ఇంకా వింతగా ఉంది, ఇన్నేళ్లు మోసిన మూట దించాక భుజం తేలిపోయినట్టు. ఆర్ఫా అతని మొహం వైపు చూసింది. కొమ్మ లోంచి రెండు ఆకులు తుంచి వేళ్లతో నలుపుతోంది.

"నీది వేశాను," అన్నాడు.

"తెర వెనక ఏం వేశావో ఎవరికి తెలుసు?"

"తెర నువ్వు కుట్టిందేగా. దాన్నే అడుగు."

ఆమె నవ్వబోయింది, నవ్వు కాలేదు. వేళ్లు నలపడం ఆపాయి. అంతలో బడి లోంచి కుబిచెక్ వచ్చాడు, మొదటి ఓటు వేసిన మనిషి ఎగురుకుంటూ రావాలి కదా, అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. చేతిలో రేకు ముంత ఉంది.

"పెద్దాయనా, ఇది లోపల మీరు పెట్టిందేనా?"

"నేనే."

"నిండుగా పట్టుకెళ్లారు. వాకిట్లోంచి చూశాను నేను." కుబిచెక్ ముంత తిరగేశాడు. ఏమీ రాలలేదు. "చుక్క లేదు. బల్ల మీద తడి లేదు, నేల మీద తడి లేదు. లోపల తుడిచినట్టు పొడిగా ఉంది, చూడండి. మీరేనా తాగింది?"

రూఫస్ ముంత తీసుకున్నాడు. రేకు చల్లగా ఉంది, పిడి మాత్రం వెచ్చగా ఉంది, ఇంతసేపూ ఎవరో పట్టుకున్నట్టు, కుబిచెక్ పట్టుకున్నాడు మరి, అందుకే అయ్యుండాలి. కుబిచెక్ ఇద్దరి మొహాలూ చూసి, టోపీ తాకి, తన బండి వైపు వెళ్లిపోయాడు.

"ఎవరు తాగారు?" అంది ఆర్ఫా.

ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ జన్మలో చెప్పలేడు. "వాడు లింకన్ పేరు ఎత్తలేదు ఆర్ఫా. ఓటు మాటే ఎత్తలేదు. నీళ్లు అడిగాడు. చెరువు అక్కడే ఉంది. తెస్తానన్నాను. భయమేసి వెళ్లలేదు."

కొమ్మ గాలికి గుంజని కొట్టుకుంది. ఆమె మొహంలోకి కోపం వచ్చింది, అది అతను చూశాడు, రావలసిందే కదా. ఇరవై ఎనిమిదేళ్లు మంచం కింద ఒక అబద్ధాన్ని పెట్టి దాని మీద ఆమెని పడుకోబెట్టాడు, ఇంట్లో ఒకే ఒక్క ఓటుంటే దాన్ని ఆ అబద్ధానికి మేపాడు. "నాతో కూడా చెప్పలేదు," అంది చివరికి. "నీ పక్కనే పడుకున్నాను కదయ్యా, నాతో కూడా." అతను తలొంచుకున్నాడు. ఏడుపు రాలేదు, వస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

ఆర్ఫా శాలువా ఒకటి తీసి బండిలో పెట్టింది, ఆ ఖాళీ చోట్లో. చక్రం మీద కాలు పెట్టి కిందకి దిగింది. అతని చేతిలోంచి ముంత లాక్కుని, బడి వెనక గాలిమర కింద ఉన్న నీళ్ల తొట్టి వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు రూఫస్.

ఆమె ఆగలేదు. "ముప్పై ఏళ్ల దాహం," అంది, "ఒక్క ముంతతో తీరుతుందటయ్యా?"